చూడవచ్చినవారి పుస్తకంలో నేను రాసిన వరుస

పాత రికార్డుల కార్యాలయం అధికారి గారి సముఖమునకు, బోర్డులు రాసుకుని బతికేవాడు పెట్టుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: పాత కుష్ఠు ఆసుపత్రి పుస్తకంలో పెన్నుతో రాసినందుకు నన్ను రికార్డు గదికి రానివ్వకపోవుట; నన్ను రానివ్వకపోయినా, మా అమ్మను ఒక్కసారి రానివ్వమని కోరుట గురించి.

1. పోయినేడు తమ కార్యాలయం తలుపుకి "నేడు సెలవు" అని బోర్డు తగిలించినది నేనే. అది చదివి, లోపల కూర్చున్న ముగ్గురు గుమాస్తాలు కూడా ఇంటికి పోయినారు. తప్పు ఒప్పుకొనడమైనది. ఈ అర్జీ ఆ బాపతు కాదని ముందుగా మనవి.

2. మా అమ్మకు ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ, అనగా మా అమ్మమ్మ, జ్వరంతో పోయిందని మా తాత చెప్పినాడు. తాత దర్జీ. కొలతల్లో అబద్ధమాడడు గనుక ఇంటిల్లిపాదీ నమ్మినారు. ఇప్పుడు అమ్మకి ఎనభై దాటినవి. "ఊరంతా బలాదూరు తిరుగుతావుగా, మా అమ్మ ఏ రోజు పోయిందో కనుక్కురారా" అన్నది. తమ మరణాల రిజిస్టర్లు మూడేళ్ళవి తిరగేసినాను. ఆమె లేదు.

3. రికార్డు గది బంట్రోతును, దుమ్ముకి ఎప్పుడూ తుమ్ముతుంటాడని, మేము తుమ్ముల మామ అంటాము. ఆయన "చచ్చినవాళ్ళలో లేకపోతే బతికున్నవాళ్ళలో వెతకవోయ్" అని ఆసుపత్రి పుస్తకాలు నా ముందు పడేసినాడు. అందులో ఇట్లున్నది: "ఆడమనిషి, వయసు ఇరవై ఆరు, దర్జీ భార్య. తెచ్చినవారు: భర్త. గుర్తు: ఎడమ చెవి తమ్మె చిరిగినది." కింద మా తాత సంతకం.

చెవి సంగతి అమ్మకి చెప్పితిని. "అది నేనే లాగానట్రా, చంటిదాన్నప్పుడు. పోగు ఊడి నా గుప్పిట్లోకొచ్చిందట. నీ చేతికి చిక్కితే చెవి దక్కదే అనేది మా అమ్మ" అన్నది.

4. ఆ ఆసుపత్రిలో ఏడాదికో దుప్పటి ఇచ్చి వేలిముద్ర తీసుకొనెడివారు. అమ్మమ్మకి పంతొమ్మిది దుప్పట్లు ఇచ్చినారు. మొదటి ముద్రలు నిండుగా ఉన్నవి. ఎనిమిదో ఏట నుండి సగం. పధ్నాలుగో ఏట "వేళ్ళు లేవు, ఆయా సాక్షి" అని రాసినారు. అనగా మా అమ్మకి పాతికేళ్ళు వచ్చేదాకా ఆమె బతికే ఉన్నది. ఆ ఆసుపత్రి మా ఇంటికి గంట నడక.

5. చూడవచ్చినవారి పుస్తకంలో ఆమె నంబరుకి ఒక పేజీ కేటాయించినారు. పేజీ ఖాళీ. తమాషాకి పాడుచేశానని తమ గుమాస్తా నా మీద రాసినాడు. తమాషా కాదండీ, చెయ్యి ఊరుకోలేదు. మొదటి వరుసలో "వచ్చినవారు: మనవడు" అని రాసినాను. బోర్డులు రాసే చెయ్యి గనుక అక్షరాలు కాస్త లావైనవి.

6. ఇందుకు తుమ్ముల మామను సంజాయిషీ అడుగుచున్నారట. ఆయన తుమ్ముతుండగా రాసినాను. ఆయనకేమీ తెలియదు.

7. ఇంటికి పోయి ఘనకార్యంలాగా చెప్పితిని. అమ్మ చీపురు అందుకున్నది. "నువ్వెవడివిరా నాకంటే ముందు పోడానికి? నీ మొహం మా అమ్మకి తెలుసా? పోవాల్సింది నేను."

కావున నా వరుస కొట్టివేసినను, నాకు ఏ శిక్ష వేసినను అభ్యంతరము లేదు. పేజీ మాత్రం చింపించవద్దు. మా అమ్మ మెట్లెక్కలేదు. ఒక్క రోజు ఆ పుస్తకాన్ని కింది గదికి దింపించి, ఆవిడచేత ఒక వరుస రాయించవలెను. ఆవిడకి చేవ్రాలు వచ్చును. "సంబంధం" అన్న గడిలో ఏం రాయాలో ఎవరూ చెప్పనక్కరలేదు. నేను గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడెదను. కావాలంటే జేబులు తడిమి పెన్ను లాక్కోవచ్చును.

పెద్ద మనసు చేసుకుని చిత్తగించవలెను.

ఇన్నాళ్ళూ ఎవరి మాటా విననివాడు, ఈ ఒక్కసారికి
తమ విధేయుడు,
బోర్డులు రాసేవాడు

తా.క.: ఆ పుస్తకం అట్ట మీద "చూచు వేళ: సాయంత్రం నాలుగు నుండి అయిదు" అని ఉన్నదని అమ్మ దగ్గర నోరు జారానండీ. అప్పట్నుంచీ రోజూ నాలుగయ్యేసరికి తల దువ్వుకుని గుమ్మంలో కూర్చుంటోంది. నిన్న తనలో తనే నవ్వుకుంటూ, "నన్ను చూడగానే ముందు చెవి మూసుకుంటుందిరా" అంది. అయిదు కాగానే లేచి లోపలికి పోయింది.