నూట యాభై ఏళ్ల బడి, ఒక్క పేజీలో

చెల్లెమ్మకు దీవెనలు.

కులాసా అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను. మా మగపిల్లల హాస్టల్ బడికి నూట యాభై ఏళ్లు నిండుతున్నాయి. దాని చరిత్రంతా ఆరేళ్ల పిల్లలకు అర్థమయ్యేలా ఒక్క పేజీలో రాసిస్తే తప్ప నన్ను ఉద్యోగంలోంచి వదలనంటున్నారు హెడ్మాస్టరుగారు. రిటైరు కావలసిన వయసు దాటి రెండేళ్లయింది, ఇంకా ఈ గుమాస్తా కుర్చీలోనే ఉన్నాను. నువ్వు ఒకటో తరగతి టీచరువి కదా. ఈ పేజీ నీ పిల్లలకు చదివి వినిపించి, 'అర్థమైంది' అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి పంపు. నీకు పుణ్యముంటుంది.

అలిసిపోయిన నీ అన్నయ్య

తా.క. మొదట నూట పన్నెండు పేజీలు రాశాను. కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు.

---

అన్నయ్యకు నమస్కారం.

ఎత్తైన గోడలు, ఇనప గేటు, అందరికీ ఒకే రకం బట్టలు, చొక్కా మీద నంబరు, రెండు పూటలా తలలు లెక్కపెట్టడం, నెలకోసారి ఇంటివాళ్లు వచ్చి చూసిపోవడం. నీ పేజీలోవన్నీ పిల్లలు శ్రద్ధగా విన్నారు. అర్థమైంది కూడా. జైలని అర్థమైంది. 'ఆ అన్నయ్యలు ఏం తప్పు చేశారు టీచర్' అని నా ప్రాణం తోడేస్తున్నారు. సంతకం ఎలా పెట్టను?

నీ చెల్లెలు

తా.క. బొమ్మ వేయమంటే అందరూ కటకటాలు వేశారు. ఒకమ్మాయి సొరంగం వేసింది.

---

చెల్లెమ్మకు,

తప్పు చేసినవాళ్లు కాదమ్మా, చదువుకోవడానికి వచ్చినవాళ్లు. అదే రాసి పేజీ మార్చాను. పిల్లలకు నచ్చుతుందని నా సంగతి కూడా కలిపాను. ఆరేళ్లప్పుడు నాన్న నన్నిక్కడ దింపి వెళ్లడం, మూడో వరసలో మంచం, ముప్పై ఏడో నంబరు, చదువయ్యాక ఇక్కడే గుమాస్తాగా చేరడం. నాకిక ఓపిక లేదు. ఈసారైనా గట్టెక్కించు.

నీ అన్నయ్య

తా.క. కిటికీలకున్న ఊచలు పావురాల కోసమని చెప్పు.

---

అన్నయ్యకు,

కొంప మునిగింది. 'చదువుకోవడానికే అయితే, చదువయ్యాక ఎందుకు వదల్లేదు?' అని అడిగారు. నేను పుట్టేసరికే నువ్వక్కడ ఉన్నావని చెప్పాను. నీ అరవై ఏళ్లలోంచి ఆరు తీసేసి, యాభై నాలుగేళ్లని బోర్డు మీద చూపించాను. ఇప్పుడు అందరూ కలిసి మీ హెడ్మాస్టరుగారికి ఉత్తరం రాశారు. చూపించమంటే, తప్పులు దిద్దుతానని చూపించలేదు.

భయపడుతున్న నీ చెల్లెలు

తా.క. అక్షరాలు చెప్పింది మా ఆయా. ఆవిడ కూడా సంతకం పెట్టింది.

---

చెల్లెమ్మకు,

నిన్న హెడ్మాస్టరుగారు పిలిచారు. బల్ల మీద ఆ ఉత్తరం ఉంది. 'ముప్పై ఏడో నంబరు తాతయ్యను వదిలేయండి. ఆయన ఏ తప్పూ చేయలేదు. చేసినా మళ్లీ చేయడు.' ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన రెండుసార్లు చదివి కళ్లజోడు తీసి, 'ఆరేళ్లప్పుడు వచ్చారా?' అన్నారు. అవునన్నాను. ఇంకేమీ అడగకుండా నన్ను వదిలే కాగితం మీద సంతకం పెట్టారు.

మూడో వరసలో నా పాత మంచం మీద కాసేపు కూర్చున్నాను. ఏడుపొచ్చింది, నీ దగ్గర దాచడం ఎందుకు. ఇవాళ పెట్టె పట్టుకుని గేటు దగ్గరికొస్తే వాచ్‌మన్ రిజిస్టరు తోశాడు. 'తిరిగి వచ్చే సమయం' ఖాళీగా వదిలితే ఒప్పుకోలేదు. 'రాను' అని రాశాను.

ఎదురుగా బస్టాపులో కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల గంట మోగితే లేచి నిలబడ్డాను. పక్కవాళ్లు బస్సు కోసమనుకున్నారు.

ఎల్లుండి మీ ఇంట్లో ఉండబోయే అన్నయ్య

తా.క. నీ పిల్లలకు ఇంకో పని పడింది. హెడ్మాస్టరుగారు ఐదేళ్లప్పుడు వచ్చారట. పన్నెండో నంబరు. తననూ వదిలేయమని ఉత్తరం ఎవరికి రాయాలో నీ పిల్లల్నే అడగమన్నారు.