మీ అమ్మ తరగతి నిలబడింది

చిరంజీవి హెడ్విగ్‌కు, నేను బాగానే ఉన్నాను.

ఇవాళ మన జర్మన్ ఉత్సవం ఆఖరి రోజు. మీ అమ్మ పోయాక నేర్పేవాళ్లు లేరని, ఆడవాళ్ల వ్యాయామ తరగతిని ఈ రోజుతో ఆపేస్తామన్నారు మన వ్యాయామ సంఘం పెద్దలు. అరవై దాటిన ఆమె శిష్యురాళ్లు మైదానంలో ఒకరి భుజాలపై ఒకరు ఎక్కి గోపురం కట్టసాగారు.

"ముసలమ్మల్ని దింపడానికి నిచ్చెన తెచ్చారా?" అన్నాడు అధ్యక్షుడు ఓట్టో.

"నువ్వొచ్చి కింద నిలబడు బాబాయ్, నీ మీంచే దిగుతాం!" అంది పైకెక్కుతున్న లియోనా.

గోపురం చెక్కుచెదరలేదు. ఊరంతా లేచి చప్పట్లు కొట్టింది. ఓట్టోయే మైకు అందుకున్నాడు: "ఈ దేశపు బడుల్లోకి వ్యాయామం తెచ్చింది వలస వచ్చిన మన జర్మన్లే. మన ఊళ్లో మనమే ఆపుతామా?"

మరి నేర్పేదెవరని అడిగితే నేను చెయ్యెత్తాను.

మీ అమ్మ దాచి ఉంచిన రొట్టెల పులిసిన పిండి చెడకుండా ఎలా ఉంచాలో వెంటనే రాయి. పిల్లలకు ఆశీస్సులు. రేపు పొద్దున్నే వెళ్లి వ్యాయామశాల తలుపులు తీస్తాను.

నాన్న