నోటితో చెప్పని జవాబు

అక్టోబర్ 21

ఈరోజు కూడా విమానం రాలేదు. గాలి.

అక్టోబర్ 22, సాయంత్రం

వచ్చింది. పేరుకుపోయిన సరుకంతా ఒక్క పూటలో ఎక్కించాల్సి వచ్చింది. నడుం పడిపోయింది.

నర్సమ్మ రక్తం సీసాలు డ్రై ఐసులో పెట్టి తెచ్చింది. ఐసు బరువెంతో పెట్టె మీద రాయలేదు. రాసుకు రమ్మని వెనక్కి పంపాను. మా మేనమామ కొడుకు సైలా తన మంచుబండిని పక్క ఊరివాడికి అమ్మాడట, దాన్ని పంపాలి. పెట్రోలు తీసేశావా అంటే చుక్క లేకుండా తీసేశానన్నాడు. ట్యాంకు మూత తీసి మొహం పెడితే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. సొంత బావని, నన్నే నమ్మవా అన్నాడు. నిన్ను నమ్ముతాను, నీ ట్యాంకునే నమ్మను అన్నాను. తిట్టుకుంటూ తోసుకుపోయాడు.

రోడ్డు లేని ఈ ఊళ్ళో ప్రమాదకర సరుకు పరీక్ష పాసైనదాన్ని చాలాకాలం నేనొక్కదాన్నే. తూటాలు, గ్యాసు డబ్బాలు, బ్యాటరీలు, ఏది విమానం ఎక్కాలన్నా నా సంతకం పడాలి. చిన్నప్పుడు నాతో ఆడుకున్నవాళ్ళు కూడా కౌంటర్ దగ్గర నన్ను చూసి మొహం ముడుచుకుంటారు. ఆగస్టులో విమాన కంపెనీ నాకు తోడుగా దక్షిణం నుంచి డెరిక్‌ని పంపింది. నలభై దాటినవాడు, పెళ్ళాం వదిలేసిందట. నిబంధనల పుస్తకం మొత్తం కంఠతా వచ్చు. హమ్మయ్య అనుకున్నాను.

రేపు పెదనాన్న పెట్టె తెస్తాడు. పడుకోవాలి.

అక్టోబర్ 23

చేతులు ఇంకా నాఫ్తా కంపు కొడుతున్నాయి. ఎన్నిసార్లు కడిగినా పోవడం లేదు.

పెద్దమ్మ కౌనాక్ రెండేళ్ళుగా ఒట్టావాలో ఉంటోంది. కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం కడిగించుకోవాలి. ఆ మిషను మా ఊళ్ళో లేదు, మా చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదు. అది ఆపితే వారమో పది రోజులో అని నర్సమ్మ మొదట్లోనే చెప్పింది. అందుకని పెదనాన్న తాతిగాట్ ఇక్కడ వేటాడతాడు, పెద్దమ్మ అక్కడ తింటుంది. మధ్యలో నేను. వారానికో పెట్టె. సీల్ మాంసం, గడ్డకట్టిన చేప, కారిబూ దుప్పి పక్కటెముకలు. అక్కడి తిండి ఆవిడకి గొంతు దిగదు.

ఈరోజు పెట్టె డెరిక్ తీసుకున్నాడు. నేను బయట విమానం దగ్గర ఉన్నాను. విమానం లేచింది. నేను టీ పోసుకునేలోపు మళ్ళీ చప్పుడు. తిరిగొచ్చేసింది. లోపలంతా నాఫ్తా వాసన, ఒకావిడ వాంతి చేసుకుంది, పైలట్ మొహం పాలిపోయి ఉంది. సరుకంతా దింపి వెతికాం. పెదనాన్న పెట్టె అడుగున తడి. విప్పితే మాంసం మధ్యలో వేటకి తీసుకెళ్ళే స్టవ్వు, నిండా నాఫ్తా ఇంధనంతో.

మాంసమంతా చెత్తకుప్పకి పోయింది. కుక్కలు కూడా మూతి పెట్టలేదు.

అక్టోబర్ 24

పెదనాన్నని అడగడానికి వెళ్ళాను. నేల మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూడగానే రండి అత్తగారూ అన్నాడు.

నాది పెద్దమ్మ వాళ్ళ అమ్మ పేరు, మాలో ఎవరి పేరు పెడితే వాళ్ళ వరసే. ఆవిడ పోయిన నెలకి నేను పుట్టాను. అందుకే పెద్దమ్మ నన్ను అమ్మా అంటుంది, పెదనాన్న అత్తగారూ అంటాడు, మర్యాదగా మీరు అంటాడు. నేను పాకేటప్పటి నుంచీ అంతే. నాకు యాభై ఏళ్ళు, అల్లుడికి డెబ్భై ఎనిమిది, ఇదేం నాకు కొత్త కాదు.

స్టవ్వు ఎందుకు పెట్టావు అల్లుడూ అన్నాను. అడిగింది, పెట్టాను అన్నాడు. అక్కడ కరెంటు పొయ్యి మీద వండితే సీల్ మాంసం సీల్ మాంసంలా ఉండడం లేదట. పెరట్లో మంచు మీద కూర్చుని వండుకుంటానందట. సరే, ఇంధనం ఎందుకు నింపావు అన్నాను. నా వైపు వింతగా చూశాడు. పెళ్ళానికి ఖాళీ స్టవ్వు ఎవరిస్తారండీ అన్నాడు.

మరి డెరిక్ అడిగినప్పుడు చెప్పొచ్చు కదా అన్నాను. చెప్పానన్నాడు. గ్యాసు, ఇంధనం, స్టవ్వు లాంటివేమైనా ఉన్నాయా అన్నాడు, ఉందని చెప్పాను, వినపడలేదేమో అని ఇంకోసారి కూడా చెప్పాను అన్నాడు. ఎలా చెప్పావు అన్నాను.

పెదనాన్న కనుబొమలు ఎగరేశాడు.

నేను తల పట్టుకుని అక్కడే కూలబడ్డాను.

అక్టోబర్ 27

డెరిక్‌కి చెప్పాను. కనుబొమలు ఎగరేస్తే అవును, ముక్కు ముడిస్తే కాదు. ఇక్కడ చాలామంది నోరు తెరవరు. మొహం చూడకుండా ఫారం చూస్తూ అడిగితే జవాబు గాల్లో కలిసిపోతుంది.

 డెరిక్ అన్నాడు, ఆగస్టు నుంచీ నేనేమన్నా ఈ ఊరంతా ఆశ్చర్యపోతోందనే అనుకున్నానని. ఇంతమందిని ఆశ్చర్యపరిచే మాటలు నాకెలా వస్తున్నాయా అని కాస్త సంతోషించానని కూడా అన్నాడు.

నవ్వాపుకోలేకపోయాను. తర్వాత ఏడుపొచ్చింది. ప్రమాదకర సరుకు తొమ్మిది తరగతులూ వాడి చేత అప్పజెప్పించుకున్నాను. ఇది చెప్పాలని తట్టనే లేదు. ఊపిరి పీల్చడం ఎవరైనా నేర్పుతారా?

అక్టోబర్ 30

కంపెనీ నుంచి ఉత్తరం. విచారణ అయ్యేదాకా తాతిగాట్ పేరు మీద ఏ సరుకూ పోకూడదు. కౌనాక్ పేరుకీ పోకూడదు. ఎవరు పంపినా సరే. కంప్యూటర్‌లో పేరు కొడితే ఎర్రగా వస్తోంది. ఎర్రగా రావడానికి ఆవిడేం చేసిందని?

నవంబర్ 2

సైలా ట్యాంకు మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ వాసన.

నవంబర్ 6

పెద్దమ్మ ఫోన్ చేసింది. ఇక్కడ వండిపెట్టేవాళ్ళు మంచివాళ్ళే అంది. పొద్దున ఓట్సు పెడతారు, మధ్యాహ్నం కోడి పెడతారు, ఆ కోడికి తను కోడినన్న సంగతే తెలియదు అంది. అన్నీ వేళాకోళాలే. చివర్లో గొంతు చిన్నదైంది.

అమ్మా, ఆకలేస్తోంది అంది.

వస్తుందిలేమ్మా, పంపిస్తాను అన్నాను. ఎక్కడి నుంచి పంపుతాను?

నవంబర్ 13

మనుషుల సూట్‌కేసుల్లో పంపి చూశాను. స్కాన్ కోసం ఒట్టావా వెళ్తున్న ఇనువాపిక్‌కి రెండు చేపలిచ్చాను. గాలి వల్ల మధ్యలో విమానం మారే ఇకాలూయిట్‌లో చిక్కుకుపోయింది, చేపలు హోటల్ గదిలో కరిగిపోయాయి. ఇంకొకాయన పక్కటెముకలు తీసుకెళ్ళి, అక్కడ తన చెల్లెలింట్లో అందరితో కలిసి తినేశాడు. ఫోన్ చేసి మరీ చెప్పాడు, చాలా బాగున్నాయట. వాణ్ణి ఏమనాలో తెలియలేదు. మాంసం చూసి ఆగగలిగే మనిషైతే అసలు మా ఊళ్ళో ఎందుకుంటాడు.

పెద్దమ్మ బరువు తగ్గిందని అక్కడి నర్సు చెప్పింది.

నవంబర్ 18

విచారణ ఫోన్లో జరిగింది. నా వల్ల కావడం లేదు, అయినా రాస్తాను.

కంపెనీ భద్రతాధికారి లోరెయిన్ అటు, పెదనాన్నా నేనూ ఇటు. ఫోన్ స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాను. డెరిక్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. దుబాసీగా నేనే. మొదలుపెట్టేముందే లోరెయిన్ గట్టిగా చెప్పింది, మీరు బంధువులు కాబట్టి ఆయన అన్న మాటలు మాత్రమే అనువదించండి, సొంతంగా ఏమీ కలపొద్దు అని. సరేనన్నాను.

పేరు, ఊరు అయ్యాయి. అసలు ప్రశ్న వచ్చింది. పెట్టెలో ఇంధనం ఉందని మీరు ఏజెంటుకి చెప్పారా?

పెదనాన్న ఫోన్ వైపు తిరిగి, గౌరవంగా, రెండు కనుబొమలూ పైకెత్తాడు.

అవునంటున్నారు అన్నాను. నాకేం వినపడలేదే అంది లోరెయిన్. కనుబొమలతో చెప్పారు అన్నాను. నోటితో అన్నదే రాసుకోగలను అంది. ఆవిడ తప్పు కూడా కాదు, ఆవిడ ముందున్నది ఒక ఫోనే.

అల్లుడూ, నోటితో చెప్పు అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. ఆ తెల్లాయన ముందు చెప్పాను, మీ ముందు చెప్పాను, ఇప్పుడు ఈవిడ ముందు చెప్పాను అన్నాడు. ఎన్నిసార్లు చెప్పించుకుంటారు? నేను అబద్ధాలకోరునా అత్తగారూ? నీకు దణ్ణం పెడతాను అల్లుడూ, ఒక్క మాట అన్నాను. పెద్దమ్మ కోసం అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. గొంతు మీద కత్తి పెట్టినట్టైంది ఆయనకి. లేచాడు. చేతితొడుగులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ప్రశ్నకు జవాబు లేదు అని రాసుకుంటున్నాను అంది లోరెయిన్.

నాకు కోపమొచ్చింది. ఆవిడ మీద, ముసలాయన పౌరుషం మీద, ఫోన్ మీద. అంతకంటే ఎక్కువగా అలసటొచ్చింది.

నవంబర్ 21

ఆరు నెలలు నిషేధం.

నవంబర్ 25

డెరిక్ కంపెనీకి రాశాడు. ఆయన చెప్పాడు, నేనే చూడలేదు, తప్పు నాది అని. ఉద్యోగం పోవచ్చు, ఎందుకు రాశావు అన్నాను. పోతే పోనీ, ఆశ్చర్యపోని ఊరికి వెళ్ళిపోతాను అన్నాడు. జవాబు వచ్చింది, పండగ సెలవుల తర్వాత పరిశీలిస్తారట.

ఇప్పుడు కౌంటర్ దగ్గర ప్రతి ప్రశ్న అడిగాక తలెత్తి మొహం చూస్తున్నాడు. మరీ కళ్ళప్పగించి చూస్తున్నాడు. ఆడవాళ్ళు నవ్వుతున్నారు.

డిసెంబర్ 2

పెద్దమ్మ ఫోన్. వస్తున్నానంది. చూసిపోవడానికే, వారం రోజులు, రానూపోనూ టికెట్ ఇస్తున్నారు అంది. డాక్టరు ఒప్పుకున్నాడా అన్నాను. ఆయన చెప్పాల్సింది ఆయన చెప్పాడు, మంచివాడు, చెప్తూ నా చెయ్యి పట్టుకున్నాడు అంది.

మరి మిషను అన్నాను.

రక్తం కడుగుతారు బాగానే ఉంది, అందులో ఏముందని కడుగుతారమ్మా అంది. నీళ్ళు, ఓట్సు. పెదనాన్నకి ఫోన్ ఇవ్వమంది. పక్కనే ఉన్నాడు, ఇచ్చాను. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. వింటూ ఉన్నాడు. ఒకసారి కనుబొమలు ఎగరేశాడు. అటువైపు పెద్దమ్మ అది చూసినట్టే, సరే అయితే అంది. నాకు బాగా వినపడింది. యాభై ఏళ్ళ కాపురం. లోరెయిన్‌కి ఇది ఎలా రాసి పంపను?

డిసెంబర్ 5

పెదనాన్న సముద్రం మీది మంచు అంచుకి వేటకి వెళ్ళాడు. ఈ చీకట్లో, ఈ వయసులో. నేను ఆపలేదు.

డిసెంబర్ 9

రెండు సీళ్ళు తెచ్చాడు. చలికి చేతివేళ్ళు నల్లబడ్డాయి. నర్సమ్మ దగ్గరికి రానంటాడు.

డిసెంబర్ 11

వచ్చింది!

మెట్లు దిగడానికి డెరిక్ చెయ్యి అందించాడు. చెయ్యి వదిలి ఆవిడే దిగింది. సగం మనిషైంది. కోటు ఒకటే నడిచొస్తున్నట్టుంది. నన్ను చూసి, అమ్మా, ఏం వండావు అంది. ఊరంతా వింటుండగా నేను చిన్నపిల్లలా ఏడ్చాను. పెదనాన్న దూరంగా నిలబడి మంచుబండి ఇంజను చూసుకుంటున్నట్టు నటించాడు.

ఇంట్లో నేల మీద అట్ట పరిచి సీల్ పెట్టాం. నా కత్తి తీసుకుంది. కాలేయం, కొవ్వు, పక్కటెముకలు. చెంపలకి నెత్తురు పూసుకుని తింది. సైలా వచ్చాడు, ఇరుగుపొరుగు వచ్చారు. డెరిక్‌ని కూడా పిలిచి కూర్చోబెట్టింది, పచ్చిమాంసం ముక్క చేతిలో పెట్టి, ఇదేనా నువ్వు పంపనిది అంది. వాడు మొహం ఎర్రగా చేసుకుని కనుబొమలు ఎగరేశాడు. ఇల్లంతా విరగబడి నవ్వింది. పెదనాన్న కూడా నవ్వాడు, విచారణ తర్వాత ఇదే మొదటిసారి.

ఆ స్టవ్వు మీదే టీ కాచాం.

డిసెంబర్ 14

కాళ్ళు వాచాయి. ఇంకా తింటోంది. జోకులు తగ్గాయి. నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. అమ్మ ఒళ్ళో అనుకుంటోందో ఏమో, నేను కదల్లేదు.

డిసెంబర్ 18

పెద్దమ్మ తిరుగు టికెట్ ఈరోజుదే. విమానం టైముకే వచ్చింది. పెదనాన్న ఒక్కడే కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

డెరిక్ ఫారం పక్కన పెట్టి తలెత్తి చూశాడు. కౌనాక్ గారు వెళ్తున్నారా అని అడిగాడు.

పెదనాన్న ముక్కు ముడిచాడు.

డెరిక్ చూశాడు. రెండోసారి అడగలేదు.