కాయని చెట్టుకు ఊతకర్రలు

కనజావా పట్నం, జపాను దేశం.

భీమడోలులో ఉన్న ప్రియమైన అన్నయ్యగారికి మీ చెల్లెలు రత్నమ్మ వందనాలు చేసి రాయునది. దేవుని దయవల్ల నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరు, వదినగారు, అమ్మ కూడా బాగున్నారని తలుస్తాను. అమ్మ కళ్ళలో మందు వేస్తున్నారా? వదినగారి మోకాలి నొప్పి తగ్గిందా? నా చేతిరాత మీకు తెలుసుగదా, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మీ ఉత్తరం అందింది. గాలివానకి మన రూతు నాటిన నేరేడు చెట్టు పశువుల పాక మీదకి ఒరిగిందనీ, ఇంకా కాపుకైనా రాలేదనీ, కొట్టించమంటావా అనీ అడిగారు. నా బిడ్డ జ్వరంలో పోయాక ఆ చెట్టుని చూడలేకే గదా, దొరసానిగారు జపాను వెళ్తూ పిల్లలకి ఆయాగా వస్తావా అనగానే ఓడెక్కాను. కొట్టించేయండి అని రాద్దామని కాగితం తీశాను. చెయ్యి ఆడక పెట్టేశాను.

ఇక్కడ ఎప్పుడూ వానే. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నాకేం ఫరవాలేదు, దొరసానిగారు ఉన్ని చొక్కా ఇచ్చారు. అన్నం ముద్దముద్దగా ఉంటుంది, కారం అన్న మాటే లేదు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే కాసిని ఎండుమిరపకాయలు, చింతపండు పంపండి. తెలుగు మాట వినాలంటే దొరసానిగారి పుస్తకాల తెలుగే గతి. బాగానే ఉన్నాను, బెంగపడకండి.

మొన్న శనివారం దొరసానిగారు నన్నూ, మా వంటావిడ ఒకికునీ ఊళ్ళో పెద్ద తోటకి తీసుకెళ్ళారు. పూర్వం ఇక్కడి ప్రభువులు వేయించిందట. దాని పేరు నాకు నోరు తిరగదు. ఎంత చక్కటి తోటని అన్నయ్యా! ఒక్కచోట నిలబడితే అంతా కనపడదు. చెరువు చుట్టూ బాట మెలికలు తిరుగుతూ పోతుంది. మలుపు తిరిగేసరికి రాతి దీపస్తంభం, ఇంకో మలుపులో చిన్న వంతెన. పోయిందనుకున్న నీళ్ళు మళ్ళీ ఎదురొస్తాయి. రాళ్ళ మీద పచ్చటి నాచు మన నారుమడిలా ఉంది. తొక్కబుద్ధి కాలేదు.

చెరువు ఒడ్డున ఒక చెట్టు ఉంది. ఆకు మన సరుగుడు ఆకులా ఉంటుంది. కొమ్మలు నీళ్ళ మీదకి వాలిపోయి, కింద బోలెడు కర్రలు ఆనించి ఉన్నాయి. అరటి గెల బరువుకి మనం గెడ పెడతామే, అచ్చం అలాగే. నేను తలెత్తి కొమ్మకొమ్మా వెతికాను.

"ఇదేం కాయ కాస్తుందండీ? ఒక్కటీ కనపడదే!" అన్నాను.

ఒకికు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. ఏదో అంది.

"రత్నమ్మా, నీవు ఈ వృక్షమును భుజింపగోరుచున్నావా అని అడుగుచున్నది" అన్నారు దొరసానిగారు.

"కాపే లేనిదానికి ఇన్ని కర్రలెందుకండీ మరి?"

"ఒరిగియున్నది గనుక. ఎక్కడిదో గొప్ప సరస్సు ఒడ్డునుండి గింజ తెప్పించి ఒక ప్రభువు మొలిపించెను."

గింజ అనేసరికి మన కొల్లేరు గట్టున రూతు నేరేడు పళ్ళు తిని, ఒక గింజ నా కొంగున కట్టించుకుని తెచ్చింది గుర్తొచ్చింది.

పనివాళ్ళు నిచ్చెనలెక్కి, చెట్టు నడుమ నిలబెట్టిన పొడుగాటి వాసం కొసనుంచి ప్రతి కొమ్మకీ తాడు దించి కడుతున్నారు, గొడుగు పుల్లల్లాగా. మంచు బరువుకి విరగకుండానట. అంత నెమ్మదిగా, పసిదానికి జడ వేసినట్టు కడుతున్నారు.

ఒకికు మళ్ళీ ఏదో అడిగితే దొరసానిగారు తెలుగులో చెప్పారు. "మీ దేశములో ఒరిగిన చెట్టును ఏమి చేయుదురు?"

"కొట్టేస్తామండీ" అన్నాను. అనేశాక నా నోరే నాకు చేదైంది. ఒకికు నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని కర్ర ఆనినచోట పెట్టింది. బెరడు ఒరుసుకోకుండా అక్కడ మెత్తగా చుట్టి ఉంది.

అన్నయ్యా, నేరేడు చెట్టు కొట్టించకండి. పాకే కాస్త పక్కకి జరిపించండి. మంచి వెదురు గెడలు తెచ్చి ఊతం పెట్టించండి. కర్ర తగిలేచోట గుడ్డ చుట్టాలి. నా ట్రంకుపెట్టె ఎవరూ తీయొద్దని వదినగారి దగ్గర మాట తీసుకున్నాను గదా, తీయమన్నానని చెప్పండి. అడుగున రూతు ఎర్ర పరికిణీ ఉంటుంది. అది చింపి చుట్టండి.

అమ్మకి నా వందనాలు, గుడిలో పెద్దలందరికీ వందనాలు. మీ ప్రార్థనలో నన్ను తలుచుకుని దీవించండి.

ఇట్లు,
మీ చెల్లెలు,
రూతు వాళ్ళమ్మ రత్నమ్మ.