పొయ్యి దగ్గరి చెమట

గాజువాక, 14-6-1997

అన్నయ్యకు నమస్కారం. ఇక్కడ మేం బాగున్నాం.

ఎడమ చెయ్యి లాగుతోందని, చెమటలు పడుతున్నాయని, అదంతా కాజాల పొయ్యి వేడేనని రాశావు. మా పక్కింటి సూరప్పడూ అలాగే అనుకున్నాడు. ఉక్కు కొలిమి దగ్గర పని అతనిది. సోమవారం డ్యూటీలో ఛాతీ బరువెక్కి, ఒళ్లంతా తడిసిపోయింది. తోటివాళ్లు నవ్వారు. "కొలిమి కాడ సెమట పట్టక సలేత్తాదేటి బావా! గేసు. సోడా తాగీ." అతనూ నవ్వి తాగాడు. క్యాంటీన్లో ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆరలేదు. మేస్త్రీ పీర్ మహమ్మద్ చెయ్యి పట్టుకుని చూసి, "ఒల్లు ఐసులాగుంది, లెగు" అని ఆస్పత్రికి లాక్కుపోయాడు. గుండెపోటు. బతికాడు. డాక్టరు అతన్ని అడిగినవి సిగరెట్లు, బీపీ, షుగరు, తండ్రి ఎలా పోయాడన్నది.

నాన్న గుండెపోటుతో పోయింది నలభై ఎనిమిదో ఏట. నీకిప్పుడు నలభై ఆరు. కార్డు అందిన రోజే కొట్టు మూసి, రాజమండ్రి వెళ్లి గుండె డాక్టరుకి చూపించుకో. సిగరెట్లు మాను. ఈలోగా నొప్పి వస్తే సోడా తాగుతూ కూర్చోకు, కారు మాట్లాడుకుని ఆస్పత్రికి వెళ్లు.

ఆవకాయ అందింది. నీ కంచంలో మాత్రం తగ్గించు. కీర్తనకి కాలేజీలో సీటు వచ్చిందా? దానికి నా ఆశీస్సులు.

వదినా, కవరు రాస్తే అన్నయ్య మీకు చూపించడని కార్డు మీద రాశాను. కొట్టుకి తాళం మీరే వెయ్యండి.

మోహనకృష్ణ