కళ్లు మూసుకుని ఎత్తిన చేతులు

జూన్ 3, మంగళవారం

మా జోస్నా డాక్టర్ అయింది! సూదిమందు డాక్టర్ కాదు, పీహెచ్‌డీ డాక్టర్! టెన్త్ తప్పి బస్ డిపోలో గ్రీజు పూసుకున్న ఈ యేసుదాసు బిడ్డ! దేవునికి స్తోత్రం. నేనూ మా ఆవిడ రెబెక్కా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. దిల్‌సుఖ్‌నగర్ పోయి స్వీట్లు తెచ్చి అపార్ట్‌మెంట్ అంతా పంచాను. థీసిస్ దేని మీద అని అందరూ అడిగారు. నియంతలు జనాన్ని భయపెట్టి ఎట్లా ఏలుతారో దాని మీద అని గర్వంగా చెప్పాను. మూడో ఫ్లోర్‌లో మాత్రం నా గొంతు తగ్గింది. అక్కడ మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంట్ బాపిరాజు గారుంటారు.

జూన్ 4, పొద్దున

అసలేం రాసినవు బిడ్డా అని అడిగాను. డాడీ, నియంత అందర్నీ కొట్టలేడు, ఒక్కణ్ని అందరి ముందట కొడతడు, మిగతా పని మనమే చేస్తం అంది. పక్కోడు గూడ గాయన దిక్కే అని మనమనుకుంటం, మనల్ని చూసి పక్కోడు గట్లనే అనుకుంటడు అంది. ఇదేంది, మన బిల్డింగ్ గురించే రాసినవా అన్నాను. అది నవ్వలేదు.

నీళ్ల వాల్వ్ తాళం, కెమెరాల టీవీ అన్నీ బాపిరాజు గారి హాల్లోనే. మెయింటెనెన్స్ డబ్బుల లెక్క అడిగిన మల్లికార్జునరావు గారింటికి వారం నీళ్లు రాలేదు. మోటార్ పాడైందన్నారు. ఆ ఒక్క ఫ్లాట్‌కే పాడైంది.

జూన్ 9

కిష్టమ్మను వెళ్లగొట్టారు. మెట్లు ఊడ్చే మనిషి. మోటార్ మంచిగనే ఉంది, వాల్వే కట్టేసిన్రు అని కెమెరా కింద అన్నదట. సామాను ఆటోలో వేసుకుని మూసారాంబాగ్‌లో చెల్లెలింటికి పోయింది. అందరం బాల్కనీల్లో నిలబడి చూశాం. వచ్చే ఆదివారం మీటింగ్‌లో తీర్మానం చేస్తే ఇక ఆమె తిరిగి రావడం కుదరదు.

జూన్ 13

జోస్నా మీటింగ్‌లో మాట్లాడుతుందట. రెబెక్క ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది, నేను డ్రమ్ములన్నీ నీళ్లతో నింపాను.

జూన్ 15, ఆదివారం సాయంత్రం

నా బిడ్డ! నా బిడ్డ!

సెల్లార్‌లో కుర్చీలు వేశారు. కిష్టమ్మని తీసెయ్యడం ఎవరికన్నా ఇష్టం లేకపోతే చెయ్యెత్తండి, బలవంతమేం లేదండోయ్ అని బాపిరాజు గారు ఒక్కొక్కరి మొహం చూశారు. ఎప్పుడూ అంతే. ఒక్క చెయ్యీ లేవలేదు. నాదీ మోకాలి మీదే ఉంది.

అప్పుడు జోస్నా లేచింది. అంకుల్, మా చర్చిలో ఒక పద్ధతుంది, అందరూ కళ్లు మూసుకున్నంక ఇష్టమున్నోళ్లు చెయ్యెత్తుతరు, కిష్టమ్మ ఉండాలన్నోళ్లు గట్లనే ఎత్తుండ్రి, నేను లెక్కపెడత, మీరు గూడ మూసుకోండి అంది. మీటింగ్‌లో చర్చి ఏంటమ్మాయ్ అని ఆయన వెటకారమాడారు. మల్లికార్జునరావు గారి భార్య హనుమాయమ్మ గారు, రోజూ గంటసేపు పూజ చేసే ఆవిడ, ఏ దేవుడి దగ్గరైనా కళ్లు మూసుకోవడమేగా, మూసుకోండి బాపిరాజు గారూ అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు ఆయన మూసుకోక తప్పలేదు.

ప్రభువా అని చెయ్యెత్తాను. పక్కన గాజుల చప్పుడు. వెనకాల ఇంకో గాజుల చప్పుడు. చర్చిలో కూడా ఓరకంట చూసే పాడలవాటు నాకు. చూశాను. సెల్లార్ నిండా చేతులు! ఆపుకోలేక హల్లెలూయా అని అరిచేశాను. అందరూ కళ్లు తెరిచేశారు. గుట్టంతా నా నోటితోనే రట్టయింది. బిడ్డ పని చెడగొట్టానని చచ్చిపోయాను. కానీ ఒక్కరూ చెయ్యి దించలేదు. నువ్వు కూడానా అన్నట్టు ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఆఖరున కళ్లు తెరిచింది బాపిరాజు గారే.

తీర్మానం వీగిపోయింది. వాల్వ్ తాళంచెవి హనుమాయమ్మ గారు అడిగి తీసుకున్నారు.

డాడీ, నీ హల్లెలూయా నా థీసిస్‌లో లేదు అని జోస్నా నా భుజం మీద తల పెట్టి నవ్వింది.

జూన్ 16

నల్లాలో నీళ్లొస్తున్నాయి. డ్రమ్ములు ఉత్తగా నింపాను. నిన్నటి సంగతి ఈ రోజు చెప్పాల్సిన వాళ్లు:

సైదాబాద్ పెద్దక్క. ఆమెకు చెబితే సగం చుట్టాలకు చెప్పినట్టే.
బామ్మర్ది విజయ్ కుమార్.
సూర్యాపేట చిన్నమ్మ. చెవుడు, గట్టిగా చెప్పాలి. ఇప్పుడు గట్టిగా చెప్పొచ్చు.
కిష్టమ్మ. చుట్టం కాదు. ముందు ఆమెకే.