దవడ కింద గోళీకాయ

ప్రియమైన బావమరిదికి,

కత్తి పట్టే చేత్తో కలం పట్టాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. ఫోన్ చేద్దామంటే కొట్లో రెండు కుర్చీలూ నిండి ఉంటాయి, ఇంట్లో మీ అక్క రెండు చెవులూ తెరిచి ఉంటాయి. అందుకే ఉత్తరం.

మొన్న వచ్చినప్పుడు నీకు గడ్డం గీస్తుంటే ఎడమ దవడ కింద గోళీకాయంత గడ్డ తగిలింది. అడిగితే చలికి ఉబ్బిన బిళ్ళ అన్నావు. ఇరవై ఆరేళ్ళుగా ఊరందరి మెడలూ తడుముతున్నవాణ్ణి, నాకా చెబుతావు? చలికి ఉబ్బిన బిళ్ళ పది రోజుల్లో పోతుంది. ఇది పోయినసారి వచ్చినప్పుడూ ఉంది, ఇప్పుడు ఇంకాస్త పెరిగింది. నొక్కితే నొప్పి లేదన్నావు చూడు, అదే నాకు నచ్చలేదు.

గొంతు డాక్టరుకు చూపించు. బస్టాండులో పొద్దస్తమానం మైకు పట్టుకునేవాడివి. చూపించుకోకపోతే ఈసారి మీసం సగమే గీసి పంపుతాను.

నీ మంచి కోరే,
కత్తెర బావ

*

ప్రియమైన కత్తెర బావకు,

నీ బెదిరింపుకు భయపడే వెళ్ళాను. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కూర్చుని చదువు బావా, నేనూ కూర్చునే రాస్తున్నాను. అది క్యాన్సరే. టాన్సిల్లో పుట్టి మెడలోకి దిగిందట.

సిగరెట్టు ముట్టనివాణ్ణి, మందు వాసనే పడనివాణ్ణి, నాకెందుకొచ్చిందని డాక్టరమ్మను నిలదీశాను. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల అంది. అది ఆడవాళ్ళ జబ్బు కదా అన్నాను. ఆవిడ నవ్వి, వైరస్‌కు ఆడా మగా తేడా లేదంది. ఆడవాళ్ళకు గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ తెచ్చేదే మగవాళ్ళకు గొంతులోనూ, మలద్వారం దగ్గరా, ఆఖరికి పురుషాంగానికీ తెస్తుందట. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువమందిలో దానంతటదే పోతుంది, కొందరిలో మాత్రం ఏళ్ళ తరబడి నక్కి ఉంటుంది. ఈ రకానికి చికిత్స బాగా పనిచేస్తుందని ధైర్యం చెప్పింది. ఏడు వారాలు కరెంటు, అదే రేడియేషన్, పెడతారట.

కానీ చావు భయం కన్నా పెద్ద భయం ఇంకోటి పట్టుకుంది. ఇది పడక దగ్గర అంటుకునేది. ఎవరి దగ్గర తెచ్చుకున్నావని మా ఆవిడ అడిగితే ఏం చెప్పను? పెళ్ళికి ముందు సంగతి నీకు తెలుసు, తనకు తెలియదు. పదిహేడేళ్ళ కాపురం బావా. టాన్సిల్స్ వాచాయని చెప్పేశాను. నువ్వూ అక్కతో అనకు.

నీ
బావమరిది

*

ప్రియమైన బుద్ధిలేని బావమరిదికి,

ఉత్తరం చదివి, కొట్టు షట్టరు దించి, ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. ఏడు వారాలు ఆస్పత్రికి తిరుగుతూ టాన్సిల్స్ అంటే నమ్మడానికి చెల్లెమ్మ చంటిపిల్లా? మీ బస్టాండు సామాన్ల గదిలో పనిచేస్తూ, పెట్టె ఎత్తి చూసి లోపలేముందో చెప్పే మనిషి. ఒళ్ళో నిప్పు దాచుకుంటే చీర కాలకుండా ఉంటుందా? చెప్పెయ్యి.

నా తెలివి కూడా విను. పోయినేడు బడిలో ఈ టీకా గురించి చీటీ ఇస్తే, ఆడపిల్లల టీకా అనుకుని మీ మేనకోడలికి వేయించి, మేనల్లుణ్ణి బయట చెప్పుల దగ్గర కాపలా పెట్టాను. నీ ఉత్తరం చదివిన మర్నాడే వాణ్ణి తీసుకెళ్ళాను. మగపిల్లలకూ పనికొస్తుందని, వైరస్ సోకకముందే ఈ వయసులో వేయించాలని నర్సమ్మ చెప్పింది. నొప్పెడుతుందా అని వాడు అడగలేదు, నేను అడిగాను.

ఈ వారం కుర్చీ ఎక్కిన ప్రతివాడి మెడా తడిమాను. లెక్కల మాస్టారు సగం క్రాఫుతోనే లేచి వెళ్ళిపోయాడు.

నీ
కత్తెర బావ

*

ప్రియమైన బావకు,

నీ మాట విని పరువు పోగొట్టుకున్నాను.

ఇంట్లో నోరు పెగల్లేదు. నాకు మైకు ముందు తప్ప మాట సరిగా రాదు. అందుకని నిన్న మధ్యాహ్నం రద్దీ తగ్గాక నా గది తలుపేసుకుని, తనకు చెప్పాల్సింది అభ్యాసం చేశాను. మైకు ఆపే ఉంచానని అనుకున్నాను. కానీ అలవాటు పడ్డ చెయ్యి, ముందుకు జరగ్గానే మీట నొక్కేసింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అనే మొదలుపెట్టానట కూడా. తర్వాత, "నాది టాన్సిల్స్ కాదు, హెచ్‌పీవీ వల్ల వచ్చిన క్యాన్సర్. పెళ్ళికి ముందు ఒకరు ఉన్నారు. పెళ్ళయ్యాక నిన్ను తప్ప ఎవరినీ తాకలేదు. నన్ను వదిలి వెళ్ళకు" అన్నది ఆరు ప్లాట్‌ఫారాల మీదా వినిపించింది. రెండుసార్లు బావా. ఏ ప్రకటననైనా రెండుసార్లు చదవడం నా ఉద్యోగ ధర్మం కదా.

తలుపు తీస్తే కంట్రోలరు, ఇద్దరు డ్రైవర్లు, వాళ్ళ వెనక తను. లోపలికొచ్చి మైకు ఆపేసి వెళ్ళిపోయింది. సాయంత్రం ఇంటికెళితే వాళ్ళమ్మగారింటికి వెళ్తున్నానని చీటీ ఉంది. సోమవారం నుంచి కరెంటు. ఒక్కణ్ణే వెళ్ళాలేమో.

నీ
బావమరిది

*

ప్రియమైన బావమరిదికి,

చదివి మొదట పగలబడి నవ్వాను, అది కూడా మీ అక్క చూస్తుండగా. ఇక దాచడం నా వల్ల కాలేదు. మీ అక్క అలిగి, ఏడ్చి, ఇప్పుడు నీ దగ్గరికి రావడానికి పెట్టె సర్దుతోంది. చెల్లెమ్మ వచ్చిందా? ఒక్క ముక్క రాయి.

కత్తెర బావ

*

ప్రియమైన బావకు,

గొంతు పుండైంది, మాట రావడం లేదు. మూడో వారం నడుస్తోంది. గడ్డ సగానికి తగ్గిందని డాక్టరమ్మ సంతోషించింది. తను తిరిగొచ్చిన సంగతి అక్కకు, బయల్దేరేలోపే, ఫోన్లో చెప్పింది. ఎందుకు వెళ్ళిందో మాత్రం నన్నే రాయమంది.

బస్టాండులో నా పరువు పోలేదు బావా, పెరిగింది. డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి కొడుకులకు టీకా ఎక్కడ వేస్తారని అడుగుతున్నారు. కంట్రోలరు రోజూ అద్దం ముందు తన మెడ తనే తడుముకుంటున్నాడు.

ఇక అసలు సంగతి. తను అలిగి వెళ్ళలేదు. వాళ్ళమ్మ పెట్టె అడుగున దాచుకున్న కాగితం తేవడానికి వెళ్ళింది. ఆరేళ్ళ నాటి రిపోర్టు. ఆడవాళ్ళకు చేసే పరీక్షలో తనకూ ఈ వైరస్ కనబడిందట. అది పోయేదాకా రెండేళ్ళు, అమ్మను కళ్ళ డాక్టరుకు చూపించాలని నాకు చెప్పి, ఒంటరిగా ఆస్పత్రికి తిరిగింది. నేను "పాపం అత్తయ్యగారి కళ్ళు" అనుకుంటూ ఉండేవాణ్ణి.

కాగితం నా చేతిలో పెట్టి తను అన్న మాట యథాతథంగా రాస్తున్నాను: "నేను ఏ తప్పూ చేయలేదు. అయినా ఎవరని మీరు అడుగుతారేమోనని దాచాను. మీరు ఊరందరికీ వినబడేలా రెండుసార్లు చెప్పారు. నేను మీ ఒక్కరికీ ఒక్కసారి చెప్పలేకపోయాను."

ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఏ డాక్టరూ తేల్చలేరట. మాకూ అక్కర్లేదు.

కానీ నీ దగ్గర దాపరికం ఎందుకు, ఆరేళ్ళ క్రితం తను ఆ రిపోర్టు చూపించి ఉంటే నేను తప్పకుండా ఎవరని అడిగేవాణ్ణి. గొంతు లేక ఈ మాట పలక మీద రాసి తనకు చూపించాను, సిగ్గుతో తలెత్తలేక. తను చదివి, "తెలుసు" అంది. అని, ఆ రిపోర్టును నా ఆస్పత్రి ఫైల్లో పెట్టి, అట్ట మీద నా పేరు పక్కన తన పేరు కూడా రాసింది.

ఇట్లు,
నీ చెల్లెమ్మ మొగుడు